మెంబ్రేనా, మెకానికలా? కొత్తవారికి తగిన కీబోర్డు

నమస్కారం. కంప్యూటర్ కొనేటప్పుడు ప్రాసెసర్ గురించీ ర్యామ్ గురించీ పదిమందిని అడిగి తెలుసుకునేవారు కూడా, రోజంతా వేళ్లు ఆడించాల్సిన కీబోర్డు దగ్గరికి వచ్చేసరికి చేతికందినదాన్ని తెచ్చుకుంటారు. అందుకే ఈ రివ్యూలో రెండు రకాల కీబోర్డులను విప్పి చూపిస్తున్నాను.

ఎడమ పక్కనున్నది మెంబ్రేన్ కీబోర్డు. ఒక కీని ఊడదీస్తే, ఇదిగో, కింద చిన్న రబ్బరు బుడిపె కనిపిస్తోంది. కీని నొక్కినప్పుడు ఈ బుడిపె అణిగి అడుగునున్న పలుచని ప్లాస్టిక్ పొరలను ఒకదానికొకటి ఆనిస్తుంది. వాటి మీద ముద్రించిన విద్యుత్ గీతలు కలిసినప్పుడే తెర మీద అక్షరం పడుతుంది. అంటే, కీని దాదాపు చివరిదాకా నొక్కాల్సిందే. కుడి పక్కనున్న మెకానికల్ కీబోర్డులో ప్రతి కీకీ స్ప్రింగుతో సొంత స్విచ్ ఉంటుంది. సాధారణంగా ఇందులో కీ 4 మిల్లీమీటర్ల మేర దిగుతుంది, కానీ సుమారు 2 మిల్లీమీటర్ల దగ్గరే అక్షరం నమోదవుతుంది. గంటల తరబడి టైపు చేసేవారికి ఇదే హాయిగా ఉంటుందని నా అభిప్రాయం. అయితే స్విచ్ రంగు చూసుకోవాలి: నీలం రంగువి సాధారణంగా టకటకమని మోగుతాయి కనుక, మరొకరు నిద్రపోయే గదిలో అవి తగవు.

ఇప్పుడు తెర వైపు చూడండి. ఈ మెంబ్రేన్ కీబోర్డు మీద మూడు అక్షరాలను ఒకేసారి నొక్కి పట్టుకున్నాను, రెండే పడ్డాయి. కీలన్నీ అడ్డు, నిలువు వరుసల గళ్లుగా అనుసంధానమై ఉండటం వల్ల, కొన్ని కలయికల్లో ఏ కీ నొక్కారో లోపలి చిప్ తేల్చుకోలేక మూడోదాన్ని వదిలేస్తుంది. ఉత్తరాలు రాసుకునేవారికి దీనితో ఇబ్బంది లేదు, ఆటలాడేవారికి మాత్రం ఉంది.

కాబట్టి టైపింగ్ ఇప్పుడే నేర్చుకుంటున్నవారికి మంచి మెంబ్రేన్ కీబోర్డు చాలు. రంగురంగుల లైట్ల కన్నా, ఎఫ్, జె కీల మీద వేలికి తగిలే చిన్న గీతలు స్పష్టంగా ఉన్నాయా అన్నది చూడండి. చూపుడు వేళ్లు చూడకుండానే తమ చోటును గుర్తుపట్టేది వాటితోనే. మీరు కొనే మొదటి కీబోర్డు యూఎస్‌బీ వైరుతో ఉన్నదైతే మేలు. విడిగా డ్రైవర్ (పరికరాన్ని కంప్యూటర్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) వేయనక్కర లేకుండానే పనిచేస్తుంది. బ్లూటూత్ కీబోర్డుల్లో చాలావాటికి సాధ్యపడని బయోస్ తెరలో (విండోస్ వంటివి మొదలవక ముందే తెరుచుకునే కంప్యూటర్ సెట్టింగుల తెరలో) కూడా ఇది సాధారణంగా పనికొస్తుంది.