మా పోస్టరు మీద మిరపకాయ మనది కాదు

నమస్తే అండీ. ఫ్యాన్ ఆపేసి మాట్లాడుతున్నాను, మొహం మీద చెమట కనిపిస్తే ఏమీ అనుకోకండి. ఆ ఫ్యాన్ కథ కూడా ఉంది, వస్తాను దానికి.

డిగ్రీ ఆఖరి ఏడాది ప్రాజెక్టు కింద మేం నలుగురం కలిసి 11 నిమిషాల డాక్యుమెంటరీ ఒకటి తీశాం. దానితో పాటు ఒక పోస్టరు, 30 సెకన్ల ఆడియో ట్రైలరు కూడా చేసివ్వాలి. మేం మూడు నెలలు సినిమా మీదే పడి, పోస్టరు రెండు రోజుల్లో కానిచ్చేశాం. పెళ్లంతా ఘనంగా చేసి శుభలేఖలు ముందు రోజు రాత్రి అచ్చేయించినట్టు. చూసినవాళ్లంతా సినిమా గురించి అడుగుతున్నారు గానీ, నాకు పోస్టరు గురించి చెప్పాలనుంది. ఇంతకీ ఆ పోస్టరేదీ, నీ వెనక గోడ ఖాళీగా ఉందేంటి అంటారా? అది ఇప్పుడు నా దగ్గర లేదు.

గుంటూరులో ఉండి మిర్చి మీదే తీశారా, ఇంకేం దొరకలేదా అని సీనియర్లు నవ్వారు. నిజమే మరి. ఫిబ్రవరి వచ్చిందంటే యార్డుకి వెళ్లిన ప్రతివాడూ ఫోను తీస్తాడు. ఎర్రటి గుట్టలు, టిక్కీల వరసలు. టిక్కీ అంటే మిర్చి బస్తా, నలభై కిలోలు ఉంటుంది. దాన్ని వీపు మీద వేసుకుని హమాలీ నడుస్తుంటే ఎవరికైనా షాటు తీయాలనిపిస్తుంది. ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్టు అని గంభీరంగా ఒక వాయిస్ ఓవరు. అయిపోయింది, అప్‌లోడ్.

మేం ఆ గుట్టలు దాటి ఒక గోడౌనుకి వెళ్లాం. పైన రేకులు, కింద పట్టాల మీద పాతికమంది ఆడవాళ్లు. కాయకి తొడిమ తీయడం, తాలు ఏరి పక్కన పడేయడం. ఎండి రంగు పోయి తెల్లబడ్డ కాయని తాలు అంటారు, అది మంచి కాయలో కలిస్తే రేటు పడిపోతుంది. తేజ, 334, 341, బాడిగ... నాకు అన్నీ మిరపకాయలే. వాళ్లకి మాత్రం చేతిలోకి తీసుకోగానే తెలిసిపోతుంది. తేజ సన్నగా, పొట్టిగా, మంట మండిస్తుంది. బాడిగ ఒళ్లంతా ముడతలు, ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత మా పరువు దీనితోనే పోయింది.

మొదటి గంటలోనే నలుగురికీ దగ్గు. కెమెరా పట్టుకున్న అబ్బాయి సరదాగా నాలుగు కాయలకి తొడిమలు తీశాడు. కాసేపటికి వేళ్లు మంట. కుళాయి కింద పెట్టాడు, కడిగినకొద్దీ ఎక్కువైంది. ఒక పెద్దమ్మ పక్కనున్న సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసి విసిరింది. "నీళ్లకి పోదురా అబ్బాయ్, ఇది రాయి." మిరపకాయలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఆమె ఆ పేరు వినలేదు, మేం ఆ పేరు చదివి కూడా కుళాయి దగ్గరికే వెళ్లాం. ఆ నూనె సీసా మా సినిమాలో రెండో షాటు.

ఇప్పుడు ఫ్యాన్ సంగతి. గోడౌన్లో రెండు పెద్ద ఫ్యాన్లు. రికార్డు చేసి వింటే హోరు తప్ప మాట లేదు. "పది నిమిషాలు ఆపుతారా పెద్దమ్మా?" అని అడిగాం. ఆపారు. పది కాస్తా నలభై అయింది. మార్చి నెల, మధ్యాహ్నం రెండు గంటలు, పైన రేకులు. ఒక్కరూ ఏమీ అనలేదు. ఆ రోజు మాకూ ఏమీ అనిపించలేదు. ఎడిటింగులో కూర్చున్నప్పుడు కనిపించింది. ముక్కుకి కట్టుకున్న గుడ్డ తడిసి, ఊపిరి తీసుకున్నప్పుడల్లా నోట్లోకి వెళ్తోంది. గలగలా మాట్లాడే మనుషులు ఆ నలభై నిమిషాలూ మాట్లాడలేదు. అంటే మాటల కోసం ఫ్యాన్లు ఆపించాం, ఆపగానే మాటలు ఆగిపోయాయి.

డాక్యుమెంటరీ అంటే వాస్తవాన్ని సృజనాత్మకంగా మలచడం అని బ్రిటిష్ డాక్యుమెంటరీ దర్శకుడు జాన్ గ్రియర్సన్ అన్న మాట పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే నేను. 1922లో వచ్చిన నానూక్ ఆఫ్ ది నార్త్ గురించి కూడా క్లాసులో చెప్పారు, మంచు ప్రాంతంలో బతికే ఒక ఇన్యుయిట్ కుటుంబం మీద రాబర్ట్ ఫ్లాహెర్టీ తీసిన డాక్యుమెంటరీ అది. మంచు ఇల్లు లోపల చీకటిగా ఉండి కెమెరాకి అందదని, ఒక వైపు గోడే లేని ఇల్లు కట్టించి అందులో ఆ కుటుంబం పడుకుని లేస్తున్నట్టు తీశాడు ఫ్లాహెర్టీ. అంత చలిలో వాళ్లనలా కూర్చోబెట్టాడా అని క్లాసులో నేనే అడిగాను. మరి నేను చేసిందేంటి?

మరుసటి వారం ఫ్యాన్లు తిరగనిచ్చి, చిన్న కాలరు మైకు ఒకటి అప్పు తెచ్చి పెద్దమ్మ కొంగుకి, చేతుల దగ్గరగా పెట్టాం. అప్పుడు వినిపించింది. తొడిమ ఊడేటప్పుడు టిక్కుమని ఒక చిన్న చప్పుడు. పాతికమందివి కలిస్తే, రేకుల మీద అప్పుడే మొదలైన చినుకుల్లా ఉంది.

కెమెరా తప్పులు చాలా ఉన్నాయి, అన్నీ చెప్పను. ట్యూబులైట్ల కింద బొమ్మలో చారలు కదులుతున్నాయంటే షటరు 1/50కి పెట్టుకోండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి. అంతే. ఎరుపు గురించి మాత్రం కాసేపు చెప్పాలి.

కెమెరా బొమ్మని ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడుగా పట్టుకుంటుంది. ఎండలో మిర్చి గుట్ట ముందు నిలబడితే ఎరుపు ఒక్కటే నిండిపోయి పొర్లిపోతుంది, మిగతా రెండూ అడుగునే ఉంటాయి. కెమెరా మొత్తం మీద వెలుతురు చూసుకుని బానే ఉందిలే అనుకుంటుంది. పొర్లిపోయిన చోట ఇక ఏమీ మిగలదు. కాయ మీద మెరుపు, ముడత, కాయకీ కాయకీ మధ్య నీడ అన్నీ పోయి ఎర్రటి ముద్ద. టమాటా పచ్చడి అన్నా నమ్ముతారు. ఎక్స్‌పోజరు, అంటే కెమెరా లోపలికి తీసుకునే వెలుతురు, బాగా తగ్గించి, ఫోను తెర మీద కాస్త చీకటిగా కనిపించినా ఓర్చుకుని తీయాలి. ఇది మాకు తెలిసేసరికి సగం షూటింగు అయిపోయింది. కాబట్టి పోస్టరుకి పనికొచ్చే కాయ ఫోటో మా దగ్గర ఒక్కటీ లేదు.

అసలు మొదట అనుకున్నది కాయలు కాదు. పెద్దమ్మ మొహం. గుడ్డ కట్టుకుని, కళ్లు మాత్రమే కనిపించే ఫోటో. చాలా బాగా వచ్చింది. ల్యాప్‌టాప్‌లో చూపించాం. ఆమె చూసి నవ్వింది, పక్కవాళ్లని పిలిచింది. దీన్ని పెద్ద ఫ్లెక్సీ చేసి కాలేజీ గోడకి కడతాం అనగానే నవ్వు ఆగిపోయింది.

"వీడియోలో అయితే వేసుకోండి. గోడ మీదొద్దు."

ఏం పెద్దమ్మా అంటే, "గోడ మీద మొహాలు ఎవరివుంటయ్యే? నాయకులవన్నా ఉండాలి, పోయినోళ్లవన్నా ఉండాలి. నేనేమో నాయకురాల్ని గాదు."

మా గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలో తిరిగి చూడండి. పుట్టినరోజు శుభాకాంక్షలు ఒక స్తంభానికి, అశ్రునివాళి ఇంకో స్తంభానికి. మూడో రకం మొహం మన ఊళ్లో గోడెక్కదు. మూడేళ్లు మీడియా చదివి ఈ సంగతి నేను గమనించలేదు. సినిమాకి ఒప్పుకున్నారంటే పోస్టరుకీ ఒప్పుకున్నట్టే అనుకున్నాం. ఒకటి అడిగి చూసే బొమ్మ, ఇంకోటి అడక్కుండా దారిన పోయే ప్రతివాడి కళ్లలో పడే బొమ్మ. రెండింటికీ విడివిడిగా అడగాలి.

మొహం పోయింది. ఇవ్వాల్సిన గడువు రెండు రోజులుంది. మాలో ఒకడు నెట్‌లో ఉచితంగా దొరికే ఫోటోల్లోంచి ఎర్రటి మిరపకాయల బొమ్మ తెచ్చాడు. నల్లటి వెనకతెర మీద నిప్పులా ఉంది. దాని మీద "ఎర్ర బంగారం" అని పెద్ద అక్షరాలు. అబ్బా, పోస్టరంటే ఇదీ అనుకున్నాం. ఈ పేరుతో ఊళ్లో సగం మిర్చి వార్తలొస్తాయని ఎవరికీ గుర్తు రాలేదు.

ఫ్లెక్సీ చేతికొచ్చాక చూస్తే నిప్పు ఆరిపోయింది. తెర మీద ఎరుపంటే వెలుగు. అచ్చులో ఎరుపంటే మెజెంటా మీద పసుపు సిరా. తెర చూపించే కొన్ని ఎరుపులు సిరాకి అందవు. ఫైలుని ముందే సీఎంవైకేకి, అంటే అచ్చు సిరాల రంగుల లెక్కకి, మార్చి చూసుకుంటే ఆ తేడా మా ల్యాప్‌టాప్‌లోనే కనిపించేది. షాపు అబ్బాయి అడిగాడు కూడా, "మార్చే తెచ్చారా అక్కా?" అని. ఆ మార్చారులే అన్నాను. ఏం మార్చాలో తెలియకుండానే.

ఇక ఆడియో ట్రైలరు. మా తాతయ్య ఇప్పటికీ చెప్తాడు, ఆదివారం మధ్యాహ్నం విజయవాడ రేడియోలో ఉషశ్రీ గారు భారతం చెబుతుంటే వీధి ఆ చివర నుంచి ఈ చివరికి నడిచినా ఒక్క మాట తప్పిపోయేది కాదట, ప్రతి ఇంట్లోంచీ అదే గొంతు. అది విని మావాడొకడు గొంతు బరువు చేసుకుని "ఘాటు వెనక దాగిన కన్నీళ్లు" అని మొదలుపెట్టాడు. వాడి ఎదురుగానే డిలీట్ చేశాను. ఉషశ్రీ గారికి చెప్పడానికి భారతం ఉంది, మనకి 30 సెకన్లు ఉంది.

వాయిస్ ఓవరు లేకపోయేసరికి ఆ కొంగు మైకు రికార్డింగులన్నీ మళ్లీ విన్నాను. అందులో దొరికింది. టిక్కు టిక్కుమని చప్పుడు. ఎవరో తుమ్మారు. ఎవరో "నూరేళ్లు" అన్నారు. మళ్లీ తుమ్ము, మళ్లీ "నూరేళ్లు". మళ్లీ తుమ్ము. అప్పుడు తుమ్మినావిడే అంది, "ఆపండే, పొద్దుట్నుంచి లెక్కేస్తే నాకు నాలుగు వేల ఏళ్లొచ్చినయ్." గోడౌనంతా నవ్వు. ఆ నవ్వు మధ్యలో కూడా టిక్కు టిక్కు ఆగలేదు. అంతే ట్రైలరు. ఒక్క మాట కలపలేదు.

అది విన్నాక సినిమా మొదటి రెండు నిమిషాలు తీసేసి, ఈ తుమ్ములతో మొదలుపెట్టాం. పేరు కూడా "నూరేళ్లు" అని మార్చాలనిపించింది. కానీ ఫ్లెక్సీ అప్పటికే గేటు దగ్గర వేలాడుతోంది, ఎర్ర బంగారం అని. ప్రదర్శన రోజు మా మేడం పోస్టరు చూసి, ట్రైలరు విని, "ఈ రెండూ ఒకే సినిమావేనా?" అన్నారు. మార్కులు అక్కడే తగ్గాయి. తగ్గించడం న్యాయమే. ఆ పోస్టరు మేం తీయకుండా వదిలేసిన గుట్టల సినిమాకి వేసింది. ట్రైలరే మొదటి వారంలో చేసి ఉంటే ఈ సినిమా దేని గురించో మాకు మూడు నెలల ముందే తెలిసేది.

తర్వాతి ఆదివారం గోడౌనుకి వెళ్లి ల్యాప్‌టాప్‌లో అందరికీ సినిమా చూపించాం. తుమ్ముల దగ్గర రెండుసార్లు వెనక్కి తిప్పించారు. ఫ్యాన్లు ఆపిన భాగం వచ్చినప్పుడు ఒకావిడ, "ఆ రోజు ఉడికించి చంపారు గదే" అంది. సారీ చెప్పాను. మజ్జిగ తెప్పించమంది. తెప్పించాను.

ఫ్లెక్సీ కూడా చూపిద్దామని తీసుకెళ్లాం. పెద్దమ్మ దాన్ని కింద పరిపించి, వంగి, వేలు పెట్టి ఒక్కో కాయా చూసింది. సరుకు చూసినట్టే.

"ఇది మన కాయ గాదే అమ్మాయ్. తొడిమ చూడు, ఎంత లావుందో. ఎక్కడ కాయ ఇది?"

నేను మాట్లాడలేదు.

"పైగా రంగు తిరిగింది. నిరుటిదా?"

అందరూ నవ్వారు, మేమూ నవ్వాం, ఏం చేస్తాం. చుట్టబోతుంటే ఆపింది. గట్టి పట్టా, ఇట్టా ఇచ్చెయ్యండి, పనికొస్తుందంది. ఇచ్చేశాం. బొమ్మ పైకి ఉంటే మీద పోసిన కాయ కనపడదని, తిరగేసి, తెల్ల వైపు పైకొచ్చేలా పరుచుకున్నారు.

మొన్న వెళ్లినప్పుడు కూడా అక్కడే ఉంది. దాని మీద తేజ పోసి ఉంది.