నాన్న వీడియో ఆపమన్న చోటు

అందరికీ నమస్తే అండీ. ఈసారి నా గొంతు స్విట్జర్లాండ్ నుంచి కాదు, వైజాగ్ గోపాలపట్నంలో మా నాన్నగారి ఇంట్లోంచి వినిపిస్తోంది. మీరు చూస్తున్న వీడియో మాత్రం అక్టోబరులో అక్కడ తీసింది. ఎడిటింగ్ తీరక ఇన్నాళ్లూ ఫోన్‌లోనే ఉండిపోయింది. పక్కన నాన్న కూర్చుని చూస్తున్నారు. మధ్యమధ్యలో ఆయన మాటలు పడ్డాయి, కావాలనే ఉంచేశాను.

మేముండేది త్సుగ్ అనే ఊళ్లో. మా కాంటన్ (అక్కడ రాష్ట్రం లాంటిది) మొత్తానికి ఎత్తైన చోటు ఈ విల్డ్‌ష్పిట్స్ శిఖరం, 1,580 మీటర్లు. ఆల్ప్స్‌లో ఇది చిన్న కొండ కిందే లెక్క. పైకి రోప్‌వే లేదు, రైలు లేదు. ఎదురుగా కనిపించే రిగి కొండ మీదికి 1871 నుంచే రైలు నడుస్తోంది కాబట్టి జనమంతా అటే పోతారు. మాకు కావాల్సింది ఇటువైపే ఉంది.

పొద్దున్నే బయల్దేరి ఆర్త్-గోల్డావ్‌లో రైలు మారి, సాట్టెల్‌లో దిగాం. అక్కడి నుంచి దాదాపు 800 మీటర్ల ఎత్తు ఎక్కాలి. దారి పొడుగునా పసుపు బోర్డులు. వాటి మీద కిలోమీటర్లు ఉండవండీ, నడవడానికి ఎంతసేపు పడుతుందో రాసి ఉంటుంది. కొండదారి మొదలయ్యాక రాళ్ల మీదా, చెట్ల మొదళ్ల మీదా తెలుపు-ఎరుపు-తెలుపు పట్టీలు. ఆ పట్టీ కనిపించినంతసేపూ దారి తప్పలేదని ధైర్యం.

కింద అంతా పొగమంచు. పది అడుగుల అవతల మా ఆయన బ్యాగు తప్ప ఏమీ కనిపించలేదు. ఎక్కడో ఆవుల మెడగంటలు. ఒకచోట దారికి అడ్డంగా పశువుల కోసం కట్టిన కరెంటు తీగ ఉంది. దానికున్న ప్లాస్టిక్ పిడి పట్టుకుని తీసి, దాటి, మళ్లీ కొక్కేనికి తగిలించాలి. ఎదురొచ్చిన పెద్దావిడ మేము సరిగ్గా తగిలించామో లేదో చూసి, తలూపి, 'గ్రూయెత్సి' అని వెళ్లిపోయింది. అక్కడి నమస్కారం అది. రెండున్నర గంటల్లో మాకు ఎదురుపడింది ఆవిడా, ఇంకో ఇద్దరూ.

"మనుషులే లేరేటమ్మా?" అని నాన్న.

పొగమంచు లోంచి ఒక్కసారిగా బయటపడ్డాం. ఇదిగో, ఈ షాట్ చూడండి. కింద తెల్లగా, బల్లపరుపుగా, కొండల అంచుల దాకా నిండిపోయి ఉంది కదా, దీన్ని అక్కడివాళ్లు 'నెబెల్‌మేర్' అంటారు, అంటే పొగమంచు సముద్రం. బీచ్ రోడ్డులో పెరిగినదాన్ని, సముద్రం అనగానే చెవులు అల చప్పుడు కోసం చూస్తాయి. అక్కడ ఆ చప్పుడు లేదు. నేను చాలాసేపు మాట్లాడలేదు, ఫోన్‌లో వీడియో ఊరికే నడుస్తూ ఉంది. మ్యూథెన్ శిఖరాలు రెండూ, వాటి వెనక మంచు కప్పిన వరసలూ ఒకదాని వెనక ఒకటి. పులిహోర డబ్బా తీసి అక్కడే గడ్డిలో కూర్చున్నాం.

వీడియో ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. నాన్న ఆపనివ్వలేదు.

"ఎనక్కి తిప్పు. ఆ పులిహోర డబ్బా ఎక్కడ పెట్టావు? ఆ రాయి ఏటి, కాంక్రీటా?"

నాన్న స్టీల్ ప్లాంట్‌లో సివిల్ పనులు చూసి రిటైరయ్యారు. ఆయన కళ్లు మంచు కొండల మీద నిలవలేదు, డబ్బా కింద ఉన్న దిమ్మ మీద పడ్డాయి. నిజంగానే పోత పోసినట్టే ఉంటుంది, గుండ్రటి గులకరాళ్లన్నీ సిమెంటులో కలిపి ఆరబెట్టినట్టు. దాని పేరు నాగెల్‌ఫ్లూ. గులకరాళ్లు మేకుల తలల్లా బయటికి పొడుచుకుని ఉంటాయి కాబట్టి ఆ పేరు.

అప్పుడు నాన్నకి చెప్పాను, మీకూ చెబుతాను. పదకొండు దాటాక గోల్డావ్ వైపు మంచు విడింది. కొండ మీంచి లోయ దాకా, ఎవరో కొండని చెక్కేసినట్టు, పొడవాటి గాయం. 1806 సెప్టెంబరు 2 సాయంత్రం ఈ కొండ వాలులో పెద్ద భాగం జారిపోయింది. సుమారు 4 కోట్ల ఘనపు మీటర్ల రాయి. గోల్డావ్ ఊరు పోయింది, 457 మంది చనిపోయారు. కొంత రాయి పక్కనున్న లావెర్ట్స్ చెరువులో పడి పెద్ద అల లేచింది. ఇప్పటి గోల్డావ్ ఆ రాళ్ల మీద కట్టుకున్నదే. పొద్దున నేను కాఫీ తాగుతూ రైలు మారింది అక్కడే.

"రాతి పొరలు లోయ వైపు వాలి ఉన్నాయా?"

"అవును నాన్నా. మధ్యలో బంకమట్టి పొరలు కూడా. ముందు వరసగా వానలు పడ్డాయట."

"మీద రాయి, కింద బంకమన్ను, మధ్యన నీళ్లు. జారక ఏం చేస్తాది?" అన్నారు. అని, కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "ఆ పొలాల్లో మనుషులకి తెలీదు కదమ్మా."

ఆ శిఖరం మీద గంటన్నర ఉన్నాను. ఆ దిమ్మని ఒక్కసారైనా చేత్తో ముట్టుకోలేదు. ఈ మాట చెబుతుంటే నాకు బాధగానే ఉంది.

ఇప్పుడొచ్చే షాట్లు నాన్నతో ఆ వీడియో చూసిన మర్నాటివి. సింహాచలం మెట్లదారి. నాన్నకి మోకాళ్ల నొప్పి, అయినా అడివివరంలో తొలిపావంచా, అంటే మొదటి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి మెల్లగా మొదలుపెట్టారు. మాకు ముందు ఒకావిడ మెట్లపూజ చేసుకుంటూ ఎక్కుతోంది, ప్రతి మెట్టుకీ పసుపు రాసి కుంకుమ బొట్టు. దారి తప్పే పనే లేదు. పక్క వాలులో అనాస తోటలు.

ఒక మలుపులో ఊపిరి తీసుకోడానికి ఆగాం. నాన్న పక్కనున్న బండని గోటితో గీకారు. "దీన్ని ఖోండలైట్ అంటారు. మన కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరే పెట్టారు. ఇదిగో, ఈ ఎర్ర గింజ చూడు, గార్నెట్. భీమిలి ఒడ్డున ఇసక అక్కడక్కడా ఎర్రగా ఉంటాది చూశావా, అందులోదీ ఇదే. వానకి కొండ అరిగి, గెడ్డలో పడి, సముద్రానికి పోయి..."

చిన్నప్పుడు భీమిలిలో ఆ ఇసకతోనే పిచ్చుకగూళ్లు కట్టుకున్నాం. ఫోన్ దగ్గరగా పెట్టాను, మీకు కనిపిస్తోందో లేదో. ఆవగింజంత ఉంది. ఈసారి చేత్తో ముట్టుకున్నాను.