పెబుల్ బీచ్ గాలిలో గోల్ఫ్: నూట ఆరు గజాలకి ఏ క్లబ్ తీయాలి?

నమస్తే అండి. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఎండ మండిపోతోందని నిక్కరు, టీషర్టు వేసుకుని బయలుదేరి, గంటన్నర తర్వాత సముద్రం ఒడ్డునున్న పెబుల్ బీచ్ గోల్ఫ్ మైదానం (కోర్సు) దగ్గర కారు దిగి వణికినవాళ్లు మనలో చాలామందే ఉంటారు. నేనూ ఒకణ్ణి. అక్కడ జులైలో కూడా పొద్దున పొగమంచు, ఆపైన సముద్రం మీద నుంచి చలిగాలి. ఊరికే చూడ్డానికి వెళ్తే స్వెట్టర్ చాలు. ఆడటానికి వెళ్తే ఆ గాలిలో బంతి ఎలా కొట్టాలో కూడా తెలియాలి. ఈ వీడియోలో ఆ ఒక్క షాటే నేర్చుకుందాం.

ముందు నా పరువు తక్కువ కథ. పెబుల్ బీచ్‌లో ఏడో హోల్ 106 గజాలు, అంటే కొట్టడం మొదలుపెట్టే చోటు (టీ) నుంచి గుంత దాకా అంత దూరం. టీ మీద నిలబడితే గ్రీన్, అంటే గుంత ఉండే నున్నటి గడ్డి, కిందికి కనబడుతుంది. చుట్టూ ఇసుక బంకర్లు, వాటి వెనక బండలు, అలలు. ఇంటి దగ్గర ఆ దూరానికి నేను పిచింగ్ వెడ్జ్ కొడతాను, అంటే బంతిని బాగా పైకి లేపే, తక్కువ దూరానికి వాడే క్లబ్ (గోల్ఫ్ కర్ర). ఆ రోజు ఎదురుగాలి. క్లబ్బులు మోసి సాయం చేసే క్యాడీ పెద్దాయన ఏమీ అనకుండా 7 ఐరన్ తీసి చేతికిచ్చాడు. ఐరన్ క్లబ్బుల్లో నంబరు తగ్గేకొద్దీ బంతి కిందుగా, దూరంగా పోతుంది. నాకు నామోషీ అనిపించింది. వంద గజాలకి 7 ఐరన్ ఏమిటని వెడ్జే కొట్టాను. బంతి చక్కగా లేచింది, గాలిలో ఆగినట్టయింది, నేరుగా బండల్లో పడింది. రెండోసారి ఇంకా గట్టిగా కొట్టాను. ఇంకా పైకి లేచి, ఇంకా ముందే పడింది!

ఎందుకంటే, వెడ్జ్‌తో ఎంత గట్టిగా కొడితే బంతి ముందుకు పోతూనే వెనక్కి అంత వేగంగా గిరగిరా తిరుగుతుంది. ఆ తిరుగుడే దాన్ని పైకి లేపుతుంది. ఎదురుగాలి ఉంటే బంతి మరింత లేచి, ముందుకు వెళ్లడం మానేస్తుంది. అంటే నా బలమే నాకు శత్రువైంది. మధ్యలో ఒక మాట. సముద్రం దగ్గర తేమ ఎక్కువ కాబట్టి గాలి బరువుగా ఉండి బంతి పోదని అంటుంటారు. అది తప్పండి. నీటి ఆవిరి పొడిగాలి కంటే తేలిక. అక్కడ బరువైంది చల్లగాలి.

నామోషీ గురించి కూడా చెప్తాను. 1992 యూఎస్ ఓపెన్ గోల్ఫ్ టోర్నమెంట్ పెబుల్ బీచ్‌లోనే జరిగింది. చివరి రోజు గాలి భీకరంగా వీచింది. అమెరికా గోల్ఫర్ టామ్ కైట్ ఇదే ఏడో హోల్లో 6 ఐరన్ కొట్టాడు. అదీ గ్రీన్ తప్పి ఎడమ పక్కన పడింది. అక్కడి నుంచి చిప్, అంటే దగ్గర నుంచి కొట్టే చిన్న షాట్, కొడితే నేరుగా గుంతలో పడింది. ఆ టోర్నమెంట్ ఆయనే గెలిచాడు. అంతటి ఆటగాడికి లేని సిగ్గు మనకెందుకు?

సరే, ఇప్పుడు షాట్. నేను ఫ్రీమాంట్ దగ్గర ప్రాక్టీస్ రేంజ్‌లో ఉన్నాను. చేతిలో 8 ఐరన్. మామూలుగా నాకు ఇది 135 గజాలు పోతుంది, ఇప్పుడు 105కే కొడతాను. చూడండి, పట్టు ఒక అంగుళం కిందికి జరిపాను. బంతిని ఒక అంగుళం కుడికాలి వైపు పెట్టాను. ఎడమచేతివాళ్లు దీన్ని తిప్పి చేసుకోండి. చేతులు బంతి కంటే కాస్త ముందు, బరువు సగం కంటే ఎక్కువ ముందు కాలి (ఎడమకాలి) మీద. క్లబ్‌ని నడుము దాటాక కొంచెం పైకి, అంతే. కొట్టాక కూడా ఛాతీ ఎత్తులో ఆపేయాలి. ఇలా... చూశారా, ఎంత కిందుగా వెళ్లిందో? ఇందులో బలం ఏమీ లేదు. గాలి పెరిగేకొద్దీ ఇంకా పెద్ద క్లబ్, అంటే నంబరు తక్కువున్నది, తీయండి, చేయి మాత్రం మెత్తగానే ఉంచండి. ఒక్కరోజులో రాదు. నాకైతే ఓ పది బకెట్ల బంతులు పట్టింది.

వెనక నుంచి గాలి ఉంటే ఇంత బాధ లేదు. బంతి పడ్డాక త్వరగా ఆగదు, కాబట్టి గ్రీన్ ముందు భాగానికే కొట్టండి.

పక్కగాలి దగ్గర ఒక చిక్కుంది. 1919లో తెరిచిన ఈ కోర్సుని జాక్ నెవిల్, డగ్లస్ గ్రాంట్ సముద్రపు ఒడ్డు వీలైనంత వాడుకునేలా గీశారు. ఆరు నుంచి పది దాకా సముద్రం కుడివైపే. కుడికి వంకరపోయే షాట్ కొత్తవాళ్లందరి జబ్బు. గాలి సముద్రం మీద నుంచి వస్తోంది, అదే వెనక్కి తెస్తుందిలే అని నీళ్ల మీదకి గురిపెట్టకండి. ఎనిమిదోదాంట్లో రెండో షాట్ కొండచరియ మీద నుంచి, మధ్యలో సముద్రం దాటించి కొట్టాలి. గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ రెండో షాట్లన్నిటిలోకీ తనకి అత్యంత ఇష్టమైంది ఇదేనన్నాడు. ఆయన ఇష్టం ఆయనది. నేను మాత్రం పక్కకి చిన్నగా కొట్టుకుని, సముద్రాన్ని చుట్టుకుని వెళ్తాను.

బంతి నీళ్లపాలైతే ఒక స్ట్రోక్ పెనాల్టీ, అంటే లెక్కలో ఒక దెబ్బ ఎక్కువ. ఎర్ర గుర్తుల హద్దుని బంతి చివరిసారి ఎక్కడ దాటిందో అక్కడి నుంచి రెండు క్లబ్బుల పొడవు లోపల, గుంతకి దగ్గర కాకుండా, ఇంకో బంతి వదలొచ్చు. లేదా మొదట కొట్టిన చోటికే వెళ్లి మళ్లీ కొట్టొచ్చు. బంతి కోసం బండలు దిగొద్దు, దయచేసి. గ్రీన్ మీద గుర్తు పెట్టి, ఎత్తి, మళ్లీ పెట్టిన బంతిని గాలి కదిపితే దాన్ని పాత చోటే పెట్టాలి. ఒక్కసారి కూడా ఎత్తని బంతి గాలికి కదిలితే, ఆగిన చోటి నుంచే ఆడాలి. రెండింటికీ పెనాల్టీ లేదు.

ఇక డబ్బు సంగతి. ఒక్క ఆటకి 600 డాలర్లు దాటింది. రిసార్ట్‌లో బస చేసేవాళ్లకి ముందుగా బుకింగ్ దొరుకుతుంది. బయటివాళ్లు సాధారణంగా ముందురోజు ఖాళీ ఉందేమో అడగాలి. మొదటిసారి వెళ్లేవాళ్లకి నా సలహా, పక్కనే ఉన్న ది హే చూడండి. టైగర్ వుడ్స్ కొత్తగా తీర్చిదిద్దిన తొమ్మిది హోల్స్ చిన్న కోర్సు, 2021లో తెరిచారు, ఖర్చూ చాలా తక్కువ. అందులో రెండో హోల్ అచ్చం ఈ ఏడో హోల్ నకలే. మొన్న హైదరాబాద్ నుంచి వచ్చిన మా బావమరిదిని అక్కడికే తీసుకెళ్లాను. ఇదంతా విడమరిచి చెప్పి 8 ఐరన్ చేతిలో పెడితే, "గాలెక్కడుంది బావా" అని వెడ్జే తీశాడు. ఆ షాట్ నా ఫోన్‌లో ఉంది. ఇక్కడ పెట్టొద్దని మా ఆవిడతో చెప్పించాడు.