బరంపురం లేత్ షాపులో నా కార్ట్ సిలిండర్

నమస్తే అండీ. ఒహాయోలో మా గరాజ్ చూపించమని చాలామంది అడుగుతున్నారు కదా, ఈసారి గరాజే బరంపురం వచ్చింది. నా చేతిలో ఉన్నది యమహా కేటీ100 సిలిండర్, పాత టూస్ట్రోక్ గోకార్ట్ ఇంజన్‌ది. 1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ ఒక చిన్న బండి చేసి మొదలుపెట్టిన ఆట ఇది. పాత కార్టులు బాగుచేసుకుని ట్రాక్ మీద తిప్పే పిచ్చోళ్లు అక్కడ ఇంకా ఉన్నారు, అందులో నేనొకణ్ణి.

ఒహాయోలో మా దగ్గర్లో షాపువాళ్లు రీబోర్‌కి, అంటే అరిగిన సిలిండర్ లోపలి రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి మళ్లీ గుండ్రంగా తేవడానికి, నెలల తరబడి ఆగమన్నారు. ఇక్కడైతే పాత యమహా ఆర్‌ఎక్స్100 బైకులు ఇంకా తిరుగుతున్నాయి, వాటికి బోర్ కొట్టే చేతులూ ఉన్నాయి. వాటి సిలిండర్ లోపలా ఇనుప లైనరే (పిస్టన్ రాసుకునే లోపలి గొట్టం), ఇందులోనూ అదే. లోపల క్రోమ్ పూత ఉన్న సిలిండరైతే ఈ పని కుదరదు.

మాస్టారు ఒక పక్క నాతో తెలుగు, ఇంకో పక్క కుర్రాడితో ఒడియా. సిలిండర్ అందుకుని ముందు అడిగింది ఒకటే: "పిస్టన్ ఏది బాబూ?" తెచ్చానని చెప్పాక గానీ గేజ్ తీయలేదు. ఆయన పద్ధతి నాకు నచ్చింది. డబ్బా మీద సైజు చూసి బోర్ కొట్టేస్తే తర్వాత ఏడుపే. చేతిలో ఉన్న పిస్టన్‌ని మైక్రోమీటర్‌తో కొలవాలి, పిస్టన్‌కీ గోడకీ మధ్య ఉండాలని కంపెనీ కాగితంలో చెప్పిన ఖాళీ దానికి కలపాలి, ఆ లెక్కకి బోర్ కొట్టాలి.

ఇదిగో, కెమెరా దగ్గరికి పెడుతున్నా, డయల్ చూడండి. అడ్డంగా 52.14 మిల్లీమీటర్లు. ఇప్పుడు గేజ్‌ని పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వైపు తిప్పుతున్నారు... 52.22. చూశారా? గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డయింది. కంటికి మాత్రం లోపల అద్దంలా మెరుస్తోంది! పైన, మధ్యలో, కింద, మూడు చోట్లా ఇలాగే కొలుస్తారు.

కొత్తలో బోరు (రంధ్రం వెడల్పు) 52 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 46, అంటే 97.7 సీసీ. మేం 52.30కి వెళ్తున్నాం, 98.8 అవుతుంది. "ఎలాగూ కొడుతున్నారు, పెద్ద సైజే వేయించొచ్చుగా అన్నా" అని ఎవరో ఒకరు కచ్చితంగా అడుగుతారు. వద్దు. 100 సీసీ క్లాసులో ఆడాలంటే 52.60 దగ్గరే గీత, అక్కడికే 99.96 వచ్చేస్తుంది. పైగా ఈరోజు అనవసరంగా చెక్కేసిన లోహం రేపటి రీబోర్‌కి మిగలదు.

బోరింగ్ మెషిన్ మీద పని తొందరగానే అయిపోయింది, అందులో చూడ్డానికేం లేదు. అసలు ఓపిక హోనింగ్‌లో, అంటే తిరిగే రాళ్లతో గోడని సాన పట్టడంలో. టూస్ట్రోక్ సిలిండర్ గోడకి గాలి, పొగ వచ్చిపోయే పోర్టుల కిటికీలు ఉంటాయి కదా, రాయి అక్కడికి రాగానే ఆనడానికి చోటు తక్కువై అంచుల్ని ఎక్కువ తినేస్తుంది. అందుకే పొడుగు రాళ్లు వేసి, మధ్యమధ్యలో ఆపి కొలుస్తున్నారు. వేడి మీద కొలత నమ్మరు. నిజమే, 20 డిగ్రీలు పెరిగితే ఈ సైజు ఇనుము సుమారు 0.01 మిల్లీమీటర్ సాగుతుంది. ఫ్యాన్ కింద పెట్టి మమ్మల్ని టీకి పంపించేశారు.

తిరిగొచ్చేసరికి సన్న ఆకురాయితో పోర్టు అంచులు మొద్దు చేస్తున్నారు. బోర్ కొట్టాక ఆ అంచులు బ్లేడులా ఉంటాయి. అలాగే వదిలేస్తే పిస్టన్ చుట్టూ ఉండే రింగు పోర్టులోకి ఉబ్బి తగులుకుని విరుగుతుంది, దాంతో పిస్టన్ కూడా పోతుంది. బోర్ బాగా కొట్టి ఇది మర్చిపోయేవాళ్లు ఉంటారట. పూర్తయ్యాక నా వేలు పట్టుకుని అంచు మీద రుద్దించారు. ఎక్కడా గీరుకోలేదు.

కడగడం పెట్రోల్‌తో కాదు, వేడినీళ్లు, సబ్బు, బ్రష్. హోనింగ్ గీతల్లో ఇరుక్కున్న రాతి పొడి పెట్రోల్‌కి సరిగా రాదు. తెల్లగుడ్డతో తుడిస్తే మరక పడనంతవరకూ కడిగారు. ఆరీ ఆరకముందే ఆయిల్ పూసేశారు. గోపాలపూర్ సముద్రం పక్కనే మరి, ఈ గాలికి పచ్చి ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది.

రింగు బోరులో పెట్టి దాని రెండు కొసల మధ్య గ్యాప్ చూసి, కాగితంలో చుట్టి ఇచ్చారు. ఒహాయో వెళ్లాక పెట్రోల్‌లో క్యాస్టర్ ఆయిల్ కలిపి మెల్లగా రన్నింగ్-ఇన్ చేస్తాను, అంటే కొత్త భాగాలు ఒకదానికొకటి అలవాటయ్యేదాకా నెమ్మదిగా నడుపుతాను, ఫుల్ థ్రాటిల్ జోలికి పోను. మాస్టారుకి రేసు వీడియో అక్కర్లేదట. మొదటి రన్ అయ్యాక సిలిండర్ విప్పి, పిస్టన్ పక్కల ఫొటోలు నాలుగు వైపులా తీసి పంపమన్నారు, ఎక్కడ రాసుకుంటోందో చూస్తారట.