న్యూట్రినోకి తూకం వేసేదెలా?

అందరికీ నమస్కారం. ముందు ఈ ఫోటో చూడండి. జర్మనీలో లియోపోల్డ్స్‌హాఫెన్ అనే చిన్న ఊరు, 2006 నవంబర్. ఆ వీధిలో వెళ్తున్న స్టీలు ట్యాంకు 200 టన్నులు, 10 మీటర్ల వెడల్పు, 23 మీటర్ల పొడవు. ఇళ్ల చూరులకు తగులుతుందేమో అన్నంత దగ్గరగా పోతోంది, మన రథోత్సవానికి వచ్చినట్టు జనం రోడ్డు మీదకొచ్చి చూస్తున్నారు. దీన్ని తయారు చేసింది అక్కడికి సుమారు 400 కిలోమీటర్ల దూరంలోని డెగ్గెన్‌డార్ఫ్‌లో. అంత లావు సరుకును రోడ్డు మీద అంత దూరం తేలేక, డాన్యూబ్ నదిలో పడవెక్కించి, నల్ల సముద్రం, మధ్యధరా, అట్లాంటిక్ చుట్టి, రైన్ నదిలోంచి వెనక్కి తెచ్చారు. దాదాపు 9,000 కిలోమీటర్లు! ఇదంతా దేనికంటే, ఎలక్ట్రాన్ కన్నా లక్షల రెట్లు తేలికైన ఒక కణం బరువు తెలుసుకోవడానికి.

ఆ కణమే న్యూట్రినో. సూర్యుడి నుంచి వచ్చేవే మీ గోటిలోంచి సెకనుకు 6,000 కోట్లు దూసుకుపోతున్నాయి, మీకు చీమ కుట్టినట్టు కూడా లేదు. త్రాసులో పెడదామంటే ఆగదు. మరి తూకం ఎలా?

అన్నదమ్ముల పంపకం అనుకోండి. ట్రిటియం (రేడియోధార్మికత ఉన్న బరువైన హైడ్రోజన్) పరమాణువు కేంద్రకం క్షయమైనప్పుడు సుమారు 18,600 ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తిని కొలిచే చిన్న కొలత) శక్తి బయటికొస్తుంది, దాన్ని ఎలక్ట్రానూ న్యూట్రినోనూ (నిజానికి యాంటీన్యూట్రినో, ఆ గొడవ చివర్లో చెప్తాను) పంచుకుంటాయి. తమ్ముడు న్యూట్రినో కనపడడు, వాడి జేబు మనం తడమలేం, అన్న ఎలక్ట్రాన్ జేబే వెతకాలి. ఎప్పుడో ఒకసారి తమ్ముడు దాదాపు మొత్తం అన్నకే వదిలేస్తాడు. కానీ వాడికి బరువంటూ ఉంటే, ఐన్‌స్టీన్ లెక్క ప్రకారం ఆ బరువుకు సరిపడా శక్తి వాడి దగ్గర ఉండిపోవాల్సిందే. అంటే అన్న జేబులో ఎప్పటికీ చేరని ఆ చిల్లరే న్యూట్రినో బరువు, అందుకే దాన్నీ ఎలక్ట్రాన్ వోల్టుల్లోనే చెప్తారు.

చెప్పడానికి బాగానే ఉంది. అసలు కష్టం ఏంటంటే, పంపకం అలా అంచుదాకా వెళ్లేది బహు అరుదు. చివరి ఒక్క ఎలక్ట్రాన్ వోల్టులో పడేవి పది లక్షల కోట్ల క్షయాల్లో రెండంటే రెండు. కార్ల్స్‌రూహెలోని కాట్రిన్ ప్రయోగంలో ఆ పెద్ద ట్యాంకు చేసే పని ఇదే, గేటు దగ్గర వాచ్‌మన్ పని: ఎదురు వోల్టేజి పెట్టి శక్తి తక్కువున్న ఎలక్ట్రాన్లను వెనక్కి తోసేసి, గట్టివాటినే లోపలికి వదిలి లెక్కపెట్టడం. లోపల గాలి చంద్రుడి మీద ఉన్నంత పలచన.

పాత అనుభవాలు చూస్తే వీళ్ల జాగ్రత్త అర్థమవుతుంది. 1980లో మాస్కో బృందం ఒకటి సుమారు 30 ఎలక్ట్రాన్ వోల్టులు అంది, తర్వాతి ప్రయోగాల్లో అది నిలబడలేదు. 1990లలో కొన్ని చోట్ల బరువు వర్గం (బరువును బరువుతోనే గుణిస్తే వచ్చేది) మైనస్‌లో వచ్చింది! అంటే పరికరంలోనో లెక్కలోనో ఏదో తేడా ఉందన్నమాట. కాట్రిన్ 2019లో "1.1 కన్నా తక్కువ" అంది, 2022లో 0.8, 2025లో 0.45. ఎంతసేపూ "ఇంతకన్నా తక్కువ" అనడమేనా అని నన్ను చాలామంది అడిగారు. నాకైతే అది మంచి జవాబే. ఎందుకంటే కింది హద్దు వేరే దారిలో తెలుసు: న్యూట్రినోల్లో మూడు రకాలున్నాయి, అవి దారిలో రకం మారతాయని జపాన్‌లో సూపర్ కామియోకాండే ప్రయోగం 1998లో చూపించింది. బరువుంటేనే అలా మారగలవు, ఆ లెక్కల్ని బట్టి మూడింట్లో కనీసం ఒకదాని బరువు 0.05 ఎలక్ట్రాన్ వోల్టులో అంతకన్నా ఎక్కువో ఉండాలి. కణం ఆ రెండు గోడల మధ్య ఇరుక్కుంది.

ఇక ఆ యాంటీ గొడవ. న్యూట్రినోకి ప్రతికణం (ఎదురు గుణాలున్న జోడీ, అంటే ఆ యాంటీన్యూట్రినో) న్యూట్రినోయే కావచ్చని 1937లో ఇటలీ భౌతిక శాస్త్రవేత్త మయొరానా అన్నాడు. అదే నిజమైతే కొన్ని కేంద్రకాల్లో రెండు ఎలక్ట్రాన్లు బయటికొచ్చి, న్యూట్రినో అసలు రాకుండా ఉండే క్షయం జరగాలి. ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద జెర్మేనియంతో వెతికిన గెర్డా ప్రయోగం, దానికి అర్ధాయువు (ఉన్న కేంద్రకాల్లో సగం క్షయమవడానికి పట్టే కాలం) 1 పక్కన 26 సున్నాల సంవత్సరాల కన్నా ఎక్కువని తేల్చింది. అక్కడే అదే క్షయాన్ని వెతుకుతున్న క్యూఓర్ ప్రయోగం వాళ్లకు కవచంగా సీసం కావాలి, కానీ కొత్త సీసంలోనే కొంచెం రేడియోధార్మికత ఉంటుంది, పాతబడేకొద్దీ అది తగ్గిపోతుంది. అందుకని రెండు వేల ఏళ్ల కింద సార్డీనియా దగ్గర మునిగిన రోమన్ ఓడలోని సీసం దిమ్మెలు తెచ్చి, వాటి మీద రోమన్లు వేసిన ముద్రల్ని కోసి దాచిపెట్టి, మిగతాది కరిగించి డిటెక్టర్ చుట్టూ పేర్చారు. దాని లోపల వాళ్లు ఇంకా ఆ ఒక్క క్షయం కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు.

ప్రశ్నలుంటే అడగండి.