రిమోట్ కీ పలకట్లేదా? టో ట్రక్కుకి ఫోన్ చేసే ముందు ఇది చూడండి | మిస్సిసాగా వ్లాగ్

హాయ్ అండీ, అందరికీ నమస్తే. గొంతు వణుకుతోందని కంగారు పడకండి, చలికి అంతే. బయట మైనస్ 17. కెనడాలోని మిస్సిసాగాలో ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో నిలబడి ఉన్నాం. ట్రాలీలో గోంగూర కట్టలు, ఫ్రోజెన్ మునక్కాయ ముక్కలు, సోనామసూరి బస్తా. పక్కన మా అత్తమ్మ. మంకీ క్యాప్, దాని మీద శాలువా, దాని మీద మా ఆయన పాత జాకెట్. మేమందరం రెడీ, కారే రెడీగా లేదు. ఇదిగో, అన్‌లాక్ నొక్కుతున్నా చూడండి. లైట్ వెలగదు, కుయ్ అనదు.

"ఏమైంది బిడ్డా, తలుపు తెరుచుకుంటలేదా?"

"రిమోట్ పనిచేస్తలేదు అత్తమ్మా."

"మరి నడుచుకుంట పోదామా?"

ఈ చలిలో నడుద్దామనే ధైర్యం ఆవిడకే ఉంది. మా ఆయనకి ఫోన్ చేస్తే ఒకటే మాట, కారుని లాక్కెళ్లే టో ట్రక్ పిలువు అని. మన వాళ్లలో చాలామందిది ఇదే తీరు. కీ పలకలేదంటే కారే పోయిందనుకుంటారు. నా చేతిలో ఉన్న ఈ ప్లాస్టిక్ ముక్కలో నిజానికి రెండు వేరు వేరు పనులు చేసే సరుకు ఉంది. ఒకటి తలుపులు తీసే రిమోట్. రెండోది, ఈ కీ ఈ కారుదే అని ఇంజన్‌కి సాక్ష్యం చెప్పే ఇమ్మొబిలైజర్ చిప్. రిమోట్ బిళ్ల బ్యాటరీతో నడుస్తుంది. చిప్‌కి ఆ బ్యాటరీతో పనే లేదు. ఇది తెలిస్తే చాలాసార్లు టో డబ్బులు మిగులుతాయి.

ముందు లోపలికి వెళ్దాం. కీ పక్కన చిన్న మీట ఉంటుంది, దాన్ని నొక్కి లాగితే ఇలా ఇనుప తాళంచెవి బయటికి వస్తుంది. బటన్ నొక్కి స్టార్ట్ చేసే పుష్ స్టార్ట్ కార్ల ఫాబ్‌లలో, అంటే ఇలాంటి రిమోట్ కీలలో, దాదాపు అన్నిటిలో ఇది దాక్కునే ఉంటుంది. సరే, తాళంచెవి దొరికింది, మరి దాన్ని పెట్టే రంధ్రం ఏది? డ్రైవర్ వైపు హ్యాండిల్ చివర ఉండే ఈ చిన్న మూత చూశారా, మా కారులో దీని వెనక ఉంది. మూత కింద సన్నని చీలిక ఉంటుంది, అందులో తాళంచెవి కొన పెట్టి పైకి లేపాలి. గ్లవ్స్ తీస్తే గానీ పట్టు దొరకదు. వేళ్లు మంచుగడ్డలయ్యాయి. తాళం గడ్డకట్టి ఉంటే బలవంతంగా తిప్పకండి, చెవి లోపలే విరుగుతుంది. మంచు కరిగించే డీ-ఐసర్ స్ప్రే అని హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. దాన్ని కారులో పెడితే లాభం లేదు, హ్యాండ్‌బ్యాగ్‌లో ఉండాలి.

వచ్చింది. ఇప్పుడు చెవులు మూసుకోండి...

విన్నారుగా. రిమోట్‌తో కాకుండా తాళంచెవితో తలుపు తీస్తే చాలా కార్లు ఇలాగే అలారం కొడతాయి. అటు ట్రాలీ తోసుకెళ్తున్న ఆంటీ ఆగిపోయి మరీ చూస్తోంది. అత్తమ్మేమో "దొంగలనుకుంటరు బిడ్డా, బంజెయ్" అంటోంది. కీని కారు గుర్తుపట్టాక అదే ఆగుతుంది. అత్తమ్మా, మీరు ముందు లోపల కూర్చోండి.

బ్రేక్ తొక్కి స్టార్ట్ బటన్ నొక్కాను. స్క్రీన్ మీద కీ కనబడట్లేదని మెసేజ్. చాలామంది ఇక్కడే ఆశ వదిలేసి ఫోన్ తీస్తారు. ఇప్పుడు చూడండి, ఫాబ్‌నే వేలులా పట్టుకుని, దాని ముక్కుతో స్టార్ట్ బటన్ నొక్కుతున్నా. కాలు బ్రేక్ మీదే ఉంది.

అదీ! స్టార్ట్ అయింది, అలారమూ ఆగింది. హీటర్ ఫుల్. అత్తమ్మ ముఖం చూడండి.

ఎలా అయిందో చెప్తా, ఎలాగూ ఇంజన్ కాస్త వేడెక్కాలి. మా కారులో ఈ బటన్ చుట్టూ లోపల రాగితీగ చుట్ట ఉంటుంది. అది 125 కిలోహెర్ట్జ్ దగ్గర చిన్న అయస్కాంత క్షేత్రం పుట్టిస్తుంది. ఫాబ్‌లో ఉన్న చిప్ ఆ క్షేత్రం నుంచే కరెంటు తీసుకుని జవాబిస్తుంది. హైదరాబాద్ మెట్రో కార్డులో బ్యాటరీ లేకపోయినా గేటు తెరుచుకుంటుంది కదా, అలాంటిదే. అందుకే దగ్గరికి, దాదాపు ఆనించి పెట్టాలి. కారు ప్రతిసారీ కొత్త ప్రశ్న వేస్తుంది. చిప్ దగ్గరున్న రహస్య అంకెతో లెక్క కట్టి జవాబు పంపాలి. లెక్క సరిపోతేనే ఇంజన్ కంప్యూటర్ ఫ్యూయల్, స్పార్క్ వదులుతుంది. ప్రశ్న మారుతూ ఉంటుంది కాబట్టి నిన్నటి జవాబు రికార్డు చేసి ఇవాళ వినిపిస్తే పని జరగదు. జేబులో కీ పెట్టుకుని బటన్ నొక్కే పద్ధతి వేరు, అందులో ఫాబ్ దూరం నుంచి రేడియోలో జవాబివ్వాలి కాబట్టి బిళ్ల బ్యాటరీ కావాలి.

ఫాబ్ ఆనించే చోటు అన్ని కార్లలో ఒకటి కాదు. కొన్నిట్లో స్టార్ట్ బటన్ మీద, కొన్నిట్లో స్టీరింగ్ కాలమ్ పక్కన కీ బొమ్మ ఉన్న చోట, కొన్నిట్లో కప్ హోల్డర్ అడుగునో మధ్య అరలోనో. ఓనర్స్ మాన్యువల్‌లో కీ బ్యాటరీ అయిపోతే అనే పేజీ ఉంటుంది, దాన్ని ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. మాన్యువల్ గ్లవ్ బాక్స్‌లో ఉండి మీరు బయట ఉంటే ఏం లాభం? కీ దూర్చి తిప్పే పాత రకం కార్లయితే ఈ తిప్పలేవీ లేవు. రాగితీగ చుట్ట తాళం చుట్టూనే ఉంటుంది కాబట్టి, బటన్లు చచ్చినా మామూలుగా తిప్పితే చాలు.

ఒక జాగ్రత్త. ఇంజన్ ఒకసారి ఆన్ అయ్యాక కీ బ్యాటరీ లేదని దారిలో ఆగిపోదు. కానీ మధ్యలో ఆపితే మళ్లీ ఇదే తంతు. కాబట్టి టిమ్ హార్టన్స్ కాఫీ ఇవాళ డ్రైవ్-త్రూలోనే.

ఇప్పుడు ఇంటికి వచ్చేశాం. అత్తమ్మ అల్లం టీ పెడుతోంది, నేను ఈలోపు మిగతాది చెప్తా.

ఫాబ్ ఆనించినా స్టార్ట్ కాకపోతే డ్యాష్‌బోర్డ్ మీద చిన్న కారు, తాళం బొమ్మ ఉన్న లైటు చూడండి. కారు లాక్ చేసి వెళ్లినప్పుడు అది నెమ్మదిగా మిణుకుతుంటే అంతా బాగున్నట్టే, కాపలా కాస్తోంది. ఇగ్నిషన్ ఆన్ చేశాక ఆరిపోకుండా గబగబా కొట్టుకుంటుంటే కీని గుర్తుపట్టలేదని అర్థం. ఇంజన్ గిర్రుమని తిరిగినా అంటుకోదు, లేదా అంటుకుని వెంటనే ఆరిపోతుంది. కొన్ని కార్లలో స్టార్టరే తిరగదు. అప్పుడు ఇంట్లో ఉన్న రెండో కీ తెప్పించి చూడడమే అన్నిటికన్నా తేలిక పరీక్ష. దానితో స్టార్ట్ అయితే తప్పు మొదటి కీది, కాకపోతే కారుది. కీ రింగులో ఇంకో కారు చిప్ కీ కూడా వేలాడుతుంటే విడదీసి ప్రయత్నించండి, రెండు చిప్‌లు ఒకేసారి మాట్లాడితే కారుకి అర్థం కాదు.

లైట్లు మసకబారి, టక్ టక్ టక్ అని మాత్రమే వినిపిస్తే కీని తిట్టకండి. అది పెద్ద బ్యాటరీ, 12 వోల్టులది. కెనడా చలికాలంలో నాకు తెలిసిన వాళ్లలో ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. వోల్టేజీ బాగా పడిపోతే కీని చదవాల్సిన పెట్టెకే శక్తి చాలదు, ఇమ్మొబిలైజర్ లైటు కూడా పిచ్చిపిచ్చిగా వెలుగుతుంది. జంప్ స్టార్ట్, అంటే ఇంకో బ్యాటరీ నుంచి కరెంటు ఇచ్చి స్టార్ట్ చేసి చూశాకే కొత్త కీ మాట.

ఇక్కడ చాలామంది బయట రిమోట్ స్టార్టర్ పెట్టించుకుంటారు కదా, వంటింట్లోంచే కారు వేడి చేసుకోడానికి. ఇమ్మొబిలైజర్ ఉన్న కారులో అది పనిచేయాలంటే కీ ఉన్నట్టు నమ్మించే బైపాస్ పెట్టె ఒకటి కావాలి. పాత పద్ధతిలో అసలైన చిప్ కీనే ఒకదాన్ని డబ్బాలో పెట్టి డ్యాష్‌బోర్డ్ కింద దాచేవాళ్లు! ఇంటి తాళం పూలకుండీ కింద పెట్టి ఊరెళ్లే ధైర్యం ఉన్నవాళ్లకే ఇది నచ్చాలి. సెకండ్‌హ్యాండ్ కారులో రిమోట్ స్టార్టర్ ఉంటే, అది కంపెనీదా, బయట పెట్టించిందా అని అడగండి. స్టార్టింగ్ సమస్య వస్తే మెకానిక్‌కి కూడా ముందే చెప్పండి, లేకపోతే ఆయన ఊరంతా వెతుకుతాడు.

ఇప్పుడు కీలో బిళ్ల బ్యాటరీ మారుద్దాం. రెండు ప్లాస్టిక్ డిప్పల మధ్య ఉన్న గాడిలో పల్చటి స్క్రూడ్రైవర్‌కి గుడ్డ చుట్టి తిప్పాలి. ఇందులో ఉన్నది సీఆర్2032, 3 వోల్టులది. కొన్ని ఫాబ్‌లలో 2025, 2450, 1632 కూడా ఉంటాయి, పాతదాని మీద అంకె చూసే కొనండి. ప్లస్ వైపు ఎటుందో చూసుకోండి. బ్యాటరీ తీస్తే చిప్‌లో కోడ్ చెరిగిపోతుందేమో అని భయం అక్కర్లేదు, అది బ్యాటరీ మీద ఆధారపడి లేదు. కానీ తీసిన పాత బిళ్ల మాత్రం టేబుల్ మీద వదలకండి. పిల్లలు మింగితే 2 గంటల్లోనే గొంతు లోపల కాలిపోతుంది, పాతదైనా అంతే. మింగారని అనుమానం వచ్చినా ఆగకుండా ఎమర్జెన్సీకి పరిగెత్తాల్సిందే.

నొక్కుతున్నా... కుయ్! బయట కారు లైట్లు వెలిగాయి.

"ఇంత చిన్న బిళ్లకా ఇంత లొల్లి?" అంటోంది అత్తమ్మ. కరీంనగర్‌లో బస్టాండ్ దగ్గర గొడుగు కింద కూర్చుని తాళంచెవులు చేసే ఆయన ఉంటే ఐదు నిమిషాల్లో ఇంకోటి చేసిచ్చేవాడట. చేస్తాడు అత్తమ్మా, ఇనుప చెవి ఎవరైనా చేస్తారు. దానితో తలుపు తెరుచుకుంటుంది, ఇంజన్ స్టార్ట్ కాదు. చిప్‌ని కారుకి పరిచయం చేయాలి. స్టీరింగ్ కింద, కారు కంప్యూటర్‌తో మాట్లాడే ఓబీడీ పోర్టులో మెషీన్ పెట్టి డీలర్ గానీ, వ్యాన్‌లో వచ్చే ఆటో లాక్‌స్మిత్ గానీ చేస్తారు. కారు ఓనర్‌షిప్ కాగితం, లైసెన్స్ అడుగుతారు, అడగాలి కూడా. అడగని వాడి దగ్గర నేనైతే చేయించుకోను. రెండిటికీ రేటులో తేడా ఉంటుంది, ముందు ఇద్దరికీ ఫోన్ చేయండి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే వాడిన ఫాబ్‌లు కొనొద్దు, చాలావాటిలో చిప్ పాత కారుకే ముడిపడి ఉంటుంది.

అసలు ఇంత గోల ఎందుకు పెట్టారంటారా? కెనడాలో 2007 సెప్టెంబర్ 1 నుంచి అమ్మే కొత్త కార్లకి ఇమ్మొబిలైజర్ తప్పనిసరి. అమెరికాలో అలాంటి రూల్ లేదు. అందుకే కొన్ని కియా, హ్యుందాయ్ మోడళ్లు అక్కడ ఇమ్మొబిలైజర్ లేకుండానే అమ్ముడయ్యాయి, 2022లో కుర్రాళ్లు యూఎస్‌బీ కేబుల్‌తో వాటిని ఎత్తుకెళ్లే వీడియోలు ఊరూరా తిరిగాయి. అలాగని మా మిస్సిసాగా ఉన్న ఒంటారియోలో దొంగతనాలు లేవని కాదు. ఇంటి గోడ అవతల నుంచి మీ ఫాబ్ సిగ్నల్‌నే సాగదీసి కారుకి వినిపిస్తే, జవాబు చెప్తున్నది అసలు కీనే కాబట్టి ఇమ్మొబిలైజర్ మోసపోతుంది. సిగ్నల్ ఆపే పౌచ్‌లు వస్తాయి. మూత బిగుతుగా పట్టే స్టీల్ డబ్బా కూడా కొంతవరకు పనిచేస్తుంది. పెట్టాక కారు పక్కకి వెళ్లి హ్యాండిల్ లాగి చూడండి, తెరుచుకుందంటే ఆ డబ్బా పనికిరానట్టే. అత్తమ్మ ఆవకాయ డబ్బా ఇవ్వనంటోంది, అది వేరే విషయం.

సెకండ్‌హ్యాండ్ కారు కొనబోయే వాళ్లకి ఒక మాట. టైర్లు, రస్ట్ చూడకముందే రెండు కీలూ అడగండి. రెండిటితోనూ విడివిడిగా స్టార్ట్ చేసి చూడండి. కొన్ని కంపెనీల కార్లలో పనిచేసే కీలు రెండుంటే మూడోది ఇంట్లోనే ప్రోగ్రాం చేసుకోవచ్చు, ఒక్కటే ఉంటే కుదరదు. ఉన్న ఆ ఒక్కటీ పోతే ఇమ్మొబిలైజర్ మొత్తం రీసెట్ చేయాల్సి రావచ్చు, బిల్లు అక్కడే పెరుగుతుంది. ఒకటే కీ ఉంది, రెండోది ఎక్కడో పడిపోయిందన్నాడనుకోండి, కొత్త కీకయ్యే డబ్బు రేటులోంచి తగ్గించమనండి. ఆ పోయిన కీని మెమరీలోంచి తీసేయించడం కూడా అదే రోజు చేయించండి, అది ఎవరి జేబులో ఉందో మనకేం తెలుసు?