నీలి ముద్ర ఖర్చు ఎవరి మీద పడాలి?

(విజయవాడలో మత్స్యకారులు, ఎగుమతిదారులు, విద్యార్థులు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నిజాంపట్నం నుంచి, గిలకలదిండి నుంచి వచ్చిన బోటు యజమానులకు, కలాసీ అన్నదమ్ములకు ముందుగా నా దండాలు. వేట మానుకుని వచ్చారు. ఆ రోజు సంపాదన పోగొట్టుకుని వచ్చారని నాకు తెలుసు, అందుకే నేరుగా విషయంలోకి వస్తాను.

యూరప్‌లో చేపల ప్యాకెట్ కొంటే చాలావాటి మీద చేప బొమ్మతో నీలం రంగు ముద్ర ఒకటి కనిపిస్తుంది. ఈ చేపను సముద్రం ఖాళీ కాకుండా, పద్ధతిగా పట్టారని దాని అర్థం. మెరైన్ స్టివార్డ్‌షిప్ కౌన్సిల్ అనే సంస్థ ప్రమాణాల ప్రకారం ఆ ముద్ర ఇస్తారు. మన బెజవాడ మార్కెట్‌లో అది కనపడదు. ఇక్కడ ఎక్కువగా అమ్ముడయ్యేవి కైకలూరు, ఆకివీడు చెరువుల నుంచి వచ్చే శీలావతులు, బొచ్చెలే. సముద్రపు చేప కొనేవాళ్లు కూడా మొప్పలు ఎత్తి ఎర్రగా ఉన్నాయా లేదా అని చూస్తారు కానీ ఎలా పట్టారని అడగరు. మరి మనకెందుకు ఈ గొడవ? ఎందుకంటే మన రొయ్య, మన చేప ఆ దేశాలకు వెళ్తున్నాయి. అక్కడ కొనేవాడు పెట్టే షరతు చివరికి మన రేవులో వేలం పాట మీదే పడుతుంది.

ఈ ముద్ర వెనక పెద్ద దెబ్బ ఉంది. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ దగ్గర కాడ్ అనే చేపను వందల ఏళ్లుగా పట్టారు. పెద్ద వలను నీళ్లలో ఈడ్చుకుంటూ వెళ్లే ట్రాలర్లు వచ్చాక పట్టుబడి విపరీతంగా పెరిగింది, తర్వాత కుప్పకూలింది. 1992లో ప్రభుత్వం వేట ఆపేసింది. సుమారు 30 వేల మంది ఉపాధి పోయింది. రెండేళ్లకని పెట్టిన ఆ నిషేధాన్ని 2024లో కానీ ఎత్తలేదు. అంతటి దేశం, శాస్త్రవేత్తలు ఉండీ, లెక్కలు ఉండీ కాపాడుకోలేకపోయింది. ఆ భయంలోంచే 1997లో ప్రకృతి పరిరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్, అప్పట్లో చేపల వ్యాపారంలో పెద్ద కంపెనీ అయిన యూనిలీవర్ కలిసి ఈ కౌన్సిల్‌ను పెట్టాయి. ప్రభుత్వాలు చేయలేని పనిని కొనేవాళ్ల ఒత్తిడితో చేయిద్దామన్నది ఆలోచన.

పద్ధతి ఇలా ఉంటుంది. సముద్రంలో చేపల నిల్వ బాగుందా, ఆ వేట వల్ల మిగతా జీవులకు హాని ఎంత, ఆ వేటను అదుపులో పెట్టే వ్యవస్థ ఉందా అన్న మూడు సూత్రాల కింద రెండు డజన్లకు పైగా అంశాలు చూసి మార్కులు వేస్తారు. ఏ అంశంలోనూ 60 తగ్గకూడదు, ఒక్కో సూత్రంలో సగటు 80 రావాలి. ఒక అంశంలో 60కీ 80కీ మధ్య వస్తే, మెరుగుపరుస్తామని మాట తీసుకుని ముద్ర ఇచ్చేస్తారు. సర్టిఫికెట్ అయిదేళ్లు ఉంటుంది, ఏటా తనిఖీ ఉంటుంది. సప్లిమెంటరీ రాస్తానంటే ముందే డిగ్రీ చేతిలో పెట్టినట్టుంది కదా అని విమర్శకులు అడుగుతారు. నాకూ ఆ మాటలో న్యాయం ఉందనిపిస్తుంది.

ఉత్తర సముద్రపు కాడ్ సంగతే చూడండి. 2017లో దానికి ముద్ర వచ్చింది, పత్రికలు పండగ చేశాయి. 2019లో నిల్వ పడిపోయిందని ఆ ముద్రను పక్కన పెట్టారు. మధ్యలో ఆ రెండేళ్లు నమ్మి కొన్నవాళ్లకు ఏం చెప్పాలి? అదే 2019లో ఈశాన్య అట్లాంటిక్‌లో పట్టే మాకెరల్ చేపకూ ముద్ర ఆగిపోయింది. అక్కడ కారణం వేరు. శాస్త్రవేత్తలు ఇంత పట్టండి అని చెప్తున్నా దేశాలు తమలో తాము వాటాలు తేల్చుకోలేకపోయాయి. బోటువాడు ఎంత పద్ధతిగా పట్టినా పైన ప్రభుత్వాలు కొట్లాడుకుంటే ముద్ర పోతుంది.

ఇంకొక అభ్యంతరం డబ్బు గురించి. తనిఖీ చేసే కంపెనీకి ఫీజు ఇచ్చేది ఎవరు? తనిఖీకి వచ్చినవాళ్లే. కౌన్సిల్ ఆదాయంలో ఎక్కువ భాగం ముద్ర వాడుకునే కంపెనీలు కట్టే రుసుము. అంటే ముద్రలు పెరిగితే ఆదాయం పెరుగుతుంది. దీన్ని అదుపు చేయడానికి అభ్యంతరాలు వినే ఏర్పాటు ఉంది. కానీ 2013లో వచ్చిన ఒక పరిశోధన అప్పటిదాకా అధికారికంగా వచ్చిన 19 అభ్యంతరాలను చూస్తే, ఒక్క దాంట్లోనే సర్టిఫికెట్ ఆగింది. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. అభ్యంతరం చెప్పినవాళ్లంతా తెలియక చెప్పినవాళ్లు కారు.

అయినా ఈ ముద్ర వట్టి మోసం అనే మాటను నేను ఒప్పుకోను. దక్షిణాఫ్రికాలో హేక్ అనే చేప కోసం ట్రాలింగ్ చేసే బోట్ల తీగలకు తగిలి ఆల్బట్రాస్ పక్షులు చనిపోతుండేవి. 2004లో ముద్ర ఇచ్చినప్పుడు పక్షులను కాపాడాలనే షరతు పెట్టారు. పక్షులు బెదిరి దూరంగా ఉండేలా బోటు వెనక రంగు రిబ్బన్లు కట్టిన తాళ్లు వేలాడదీయడం మొదలుపెట్టారు. ఆల్బట్రాస్ చావులు 99 శాతం తగ్గాయి. ముద్ర పోతుందన్న భయం కూడా ఈ మార్పుకు తోడైంది. మన పొరుగున మాల్దీవులు ఉంది. అక్కడివాళ్లు గాలంతో ఒక్కొక్క టూనాను పట్టే పద్ధతికి 2012లో ముద్ర వచ్చింది.

మన దేశంలో మొదటి ముద్ర కేరళలో కొల్లం దగ్గర అష్టముడి సరస్సులో దొరికే ఒక రకం గవ్వ మాంసానికి 2014లో వచ్చింది. దాన్ని నేను చాలా గొప్ప సంగతిగా చూస్తాను. 1990ల్లో విచ్చలవిడిగా ఏరడంతో అక్కడ దిగుబడి పడిపోయింది. దాంతో డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఏరకూడదని, వల కన్ను ఇంత ఉండాలని, చిన్నవి ఎగుమతి చేయకూడదని కట్టుబాట్లు పెట్టుకున్నారు. సర్టిఫికెట్ వచ్చింది ఆ తర్వాత ఎంతో కాలానికి. ముందు కట్టుబాటు, తర్వాత ముద్ర. ఈ వరస తిరగబడితే అంతా కాగితాల మీదే ఉంటుంది.

ఇప్పుడు మన తీరానికి వస్తాను. మన వేటకు ఈ ముద్ర అంత తేలిగ్గా అతకదు, ఎందుకంటే ఆ ప్రమాణాలు ఒక చేప, ఒక వల, ఒక నిల్వ అనే చల్లని సముద్రాల లెక్కలో పుట్టాయి. మన ట్రాల్ వలను రేవులో దులిపితే రొయ్యలు, కానాగంతలు, పీతలు, పేరు కూడా లేని చిన్న చేపలు అన్నీ ఒకేసారి పడతాయి. మీలో చాలామంది అనే మాటే చెప్తున్నాను, "మేం ఒక చేప కోసం వల వేయం సార్, పడిందల్లా తెస్తాం" అని. వీటిలో ఒక్కొక్కదానికీ నిల్వ లెక్క కట్టాలంటే ఎవరు కట్టాలి? ఆపైన తనిఖీ ఖర్చు. కౌన్సిల్ చెప్పే లెక్కల ప్రకారమే ఒక మదింపుకు 15 వేల డాలర్ల నుంచి 1 లక్షా 20 వేల డాలర్ల దాకా అవుతుంది. ఫైబర్ బోటులో నలుగురు వేటకు వెళ్లేవాళ్లు అంత ఎక్కడ తెస్తారు?

తాబేళ్ల విషయంలో ఈ నొప్పి మనవాళ్లు చూసే ఉన్నారు. అమెరికా 1989లో చట్టం చేసింది, తాబేళ్లను కాపాడే ఏర్పాటు లేని దేశాల నుంచి సముద్రపు రొయ్యలు కొనబోమని. మన దేశం ఇంకొన్ని దేశాలతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లింది, 1998లో తీర్పు వచ్చింది. ఆ తర్వాతా తగువు తెగలేదు. మన సముద్రపు రొయ్యకు అమెరికా తలుపు మూసింది. ఎగుమతిలో ఎక్కువ భాగం చెరువుల్లో పెంచే వనామీ రొయ్య కాబట్టి పెద్ద కంపెనీలకు అది పెద్దగా తగల్లేదు, తగిలింది బోట్లకే. వల మెడలో ఇనుప చట్రం పెడితే తాబేలు పైనుంచి బయటపడుతుంది. కొంత సరుకూ దాంతో పోతుందని బోటువాళ్ల భయం. ఆ భయాన్ని కొట్టిపారేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. చనిపోయిన ఆలివ్ రిడ్లీ తాబేళ్లు సూర్యలంక ఒడ్డుకు కొట్టుకొస్తుంటే, చట్రం వద్దనేవాళ్లతోనూ అంతే పేచీ ఉంది. నష్టపోయే సరుకుకు ఎవరో ఒకరు పరిహారం ఇవ్వాలి, చట్రం మాత్రం తప్పక ఉండాలి.

అందుకే నేను అడిగేది ఇది. ముద్రతో లాభపడేది ఎగుమతిదారు, అక్కడి సూపర్‌మార్కెట్ కాబట్టి, ఖర్చు మొదట వాళ్లే పెట్టుకోవాలి. ముద్ర వచ్చాక పెరిగిన ధరలో బోటుకు ఎంత అన్నది ముందే కాగితం మీద రాసుకోవాలి. ఈ మాట లేకుండా ఎవరు సర్టిఫికేషన్ పథకం తెచ్చినా, మన మత్స్యకార సొసైటీలు సంతకం చేయవద్దు.

ముద్ర రాకపోయినా మనం చేసుకోవాల్సిన పని ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపుతున్నాం, ప్రభుత్వం ఇచ్చే సాయం 2025లో 20 వేల రూపాయలకు పెరిగింది కూడా. తీరా వేట మొదలయ్యాక చిన్న కన్ను వలలతో పిల్ల చేపను ఊడ్చేస్తే ఆ రెండు నెలల ఆకలికి ఫలితం ఏముంది? తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు రాకూడదనే నిబంధన ఉంది. దాన్ని దాటుతున్నది ఎవరో రేవులో అందరికీ తెలుసు. కేరళ 58 రకాలకు ఇంతకన్నా చిన్న చేపను పట్టకూడదని కొలత పెట్టింది. మనం ముందు పది రకాలకైనా పెట్టలేమా?

చదువుకుంటున్న పిల్లలకు నా కోరిక ఒకటే. ఈ జూన్ 15 నుంచి నిజాంపట్నం రేవులో వారానికి ఒక్క పూటైనా నిలబడండి. ఏ చేప, ఎంత పొడవు, ఏ వల, ఎన్ని గంటల వేట అని నోట్ చేయండి. బోటువాళ్లు మీకు దారి ఇస్తారని ఇక్కడున్న పెద్దలందరి తరఫున నేను మాట ఇస్తున్నాను, అంతే కదా అన్నా? ఆ పుస్తకం ఒక ఏడాది నిండాక ఇదే హాల్లో మళ్లీ కూర్చుని, మన చేపకు ఏ ముద్ర కావాలో, అసలు కావాలో వద్దో తేల్చుకుందాం. నమస్కారం.